మూల కంప్యూటర్‌లో అక్క పేరు

ఆసుపత్రి కింది అంతస్తులో, రక్తనిధి పక్కగదిలో, మూలనున్న కంప్యూటర్ దగ్గరికి చీకటి పడితే ఎవరూ పోరు. వాచ్‌మన్ అయితే ఆ గది ముందు నడవడు, పరుగే. అది మా అక్క పనిచేసిన చోటు. అక్క పోయాక... రాత్రిళ్లు ఆ తెర మీద ఆమె పేరే వస్తుందని అందరూ చెప్పుకుంటారు.

ఇది మా బావ, అంటే అక్క భర్త, చెప్పగా విన్నది. ఇప్పుడా కుర్చీలో కూర్చునేది ఆయనే. అక్క పోయినప్పుడు కంటతడి పెట్టలేదు. తిన్నావా అంటే తిన్నానంటాడు, ఏం తిన్నావంటే గుర్తులేదంటాడు.

ఆ రాత్రి పైఅంతస్తులో ఒక బాలింతకి అరుదైన గ్రూపు రక్తం కావాలి. రక్తం ఇచ్చినవాళ్ల పట్టికనీ, పరీక్షల పట్టికనీ దాత నంబరు మీద కలిపితేగానీ ఎవర్ని పిలవాలో తెలియదు. రెండిట్లోనూ లక్షల వరుసలు. బావ ఆ రెండిట్నీ కలిపి వెతకమనే ఆదేశం, క్వెరీ, నడిపాడు. తెర కదల్లేదు...

కదిలాక — వరుస వెనక వరుస, అక్క పేరు.

"అమ్మగారు వదలట్లేదు సార్," గుమ్మం అవతల్నించి వాచ్‌మన్ గుసగుసలాడాడు. "లేచొచ్చేయండి."

బావకి భయం వేయలేదు. అసలేమీ అనిపించలేదట. ఇంతలో పైనుంచి నర్సు ఫోను.

"ఇంకెంతసేపు సార్? ఆవిడ ఒళ్లు చల్లబడిపోతోంది."

అప్పుడు చూశాడు — అన్నిట్లోనూ ఒకటే దాత నంబరు. అక్కది; ఆమె కూడా రక్తం ఇచ్చేది. నంబరు గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు. "తెలియకపోతే ప్రస్తుతానికి నాది కొట్టేయండి, తర్వాత సరిచేస్తా" అని సిబ్బందికి చెప్పింది అక్కే. ఆ తర్వాత అనేది ఆమెకి రాలేదు. ఇక్కడి ప్రతి అక్క వరుసా అక్కడి ప్రతి అక్క వరుసతో జతకట్టి, లక్షలు కోట్లవుతున్నాయి.

బావ ముందు ఆ నంబరుని రెండువైపులా పక్కకి తీసేశాడు. పరీక్షల్లోంచి కావలసిన గ్రూపు మాత్రమే ఏరాడు. ఆ మిగిలిన కాసినే కలిపాడు.

కన్నుమూసి తెరిచేలోగా నాలుగు పేర్లు. వాళ్లలో ఒకాయన చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా వచ్చి రక్తమిచ్చాడు. బాలింత బతికింది.

"మరి సరిచేశావుగా బావా," అన్నాను. "ఇప్పటికీ అక్క పేరు వస్తోందంటాడేంటి వాచ్‌మన్?"



"పాత క్వెరీ దాచుకున్నానురా," అన్నాడు మెల్లగా. "పనంతా అయ్యాక నడుపుతా... అది తొందరగా అయిపోదు కదా."