ఖాళీ పుల్ల

గోడవార బిగించిన పంపు ఇంకా గాలి పీలుస్తూనే ఉంది. ఈలోగా నూకరత్నం తడి దూదిపుల్లలతో తలుపు గొళ్లెం, స్విచ్చుల అంచులు, కిటికీ చట్రం రుద్ది వరసగా గొట్టాల్లో వేసింది. చావు నమోదైన ఇళ్లలో ఈ రోజుకిది తొమ్మిదోది. ఇంకా ఆరున్నాయి.

మంచం దగ్గరికి వచ్చేసరికి ముసలి పైడిరాజు దిండుకి అడ్డంగా కూర్చున్నాడు.

"ఇదొక్కటీ ఒగ్గీయమ్మా."

అతని భార్య నరసమ్మ పోయి పదకొండు నెలలు. మనిషి పోయినా, ఒంటి నుంచి రాలిన సూక్ష్మజీవుల జీవమేఘం ఓ పట్టాన ఇల్లు వదలదు. ఆ మేఘాన్ని చదివే మేఘలేఖిని మనిషికో గీత గీస్తుంది. ఒక్కరే ఉండాల్సిన ఇంటికి తెర మీద రెండు గీతలు కనిపిస్తే మర్నాడే ఆవిరి దళం వచ్చి గదంతా కడిగేస్తుంది. పూర్వం చెడు నక్షత్రంలో పోతేనే ఇల్లు పాడుపెట్టేవారట. నూకరత్నం పనిచేసే నివాసశుద్ధి శాఖకు అన్ని నక్షత్రాలూ చెడ్డవే.

"దుప్పటైనా ఉతకలేదేం తాతా?"

"ఎలాగుతుకుతానమ్మా? మా ముసిల్దింకా ఉన్నాది కదా."

నూకరత్నం దిండు వైపు చాచిన పుల్ల వెనక్కి తీసుకుంది. రెండేళ్ల క్రితం తన ఇంట్లో, పోయిన అమ్మ గీతను తనే పట్టిచ్చింది. ఉద్యోగ ధర్మం అనుకుంది. ఆవిరి పట్టాక ఆ ఇంట్లో ఎవరూ లేరన్న భయంతో ఇప్పటికీ లైటు ఆర్పకుండా పడుకుంటుంది.

పెట్టెలో ఖాళీ పుల్ల ఉంది. రోజుకొకటే ఇస్తారు. దాన్ని దేనికీ తాకించకూడదు, గాలిలో తెరిచి మూసేయాలంతే. దాని మీద ఏం దొరికినా పెట్టెతో వచ్చిన మురికేనని, మేఘలేఖిని దాన్ని ఆ రోజు లెక్కలన్నిటిలోంచీ తీసేస్తుంది.

నూకరత్నం ఆ పుల్ల తీసి, నరసమ్మ దిండు మీద గట్టిగా రుద్దింది.

"దాన్ని పట్టికెల్లిపోతన్నావేటమ్మా?" పైడిరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"లేదు తాతా. దాసేత్తన్నాను."

పుల్ల మొన మేఘలేఖినిలో పెట్టగానే అది అడిగింది: ఖాళీ పుల్ల దేన్నైనా తాకిందా? ఆమె 'లేదు' మీద వేలు నొక్కింది. తెర మీద రెండో గీత మెల్లగా అణిగిపోయింది. నివాసులు: ఒకరు. పైడిరాజు దిండు మీద చెయ్యి వేసి ఏడ్చాడు.

పట్టుబడితే ఉద్యోగం ఊడుతుందని నూకరత్నానికి తెలుసు. అయినా పుల్లకి మూత పెట్టలేదు. అలాగే పట్టుకుని, జాబితాలో పదోదైన పక్కింటి తలుపు తట్టింది.

తలుపు తీసినావిడ బెదిరిపోయి చూస్తోంది. నూకరత్నం గొంతు తగ్గించి అడిగింది.

"మీ ఇంట్లో పోయినోళ్లు ఎక్కడ పడుకునేవోరమ్మా?"