ఎర్చీ వీపు

మా ఫుట్‌బాల్ క్లబ్బులో పదకొండు మందికీ కలిపి ఒకటే స్నానాల తొట్టి. మ్యాచ్ అయ్యాక అందరం ఒకేసారి అందులో దిగాలి. మోకాళ్ళ బురద, నొప్పుల నూనె, చెమట, ఎవడివో తెలియని వెంట్రుకలు... కాసేపటికే నీళ్ళు గంజిలా చిక్కబడేవి. ఫైఫ్ బొగ్గు గనుల సీమలో గోల్‌కీపర్‌గా నేను తెచ్చుకున్న పేరు జనం మరిచిపోయారు గానీ, ఆ నీళ్ళ రోత మాత్రం నన్నింకా వదల్లేదు.

ఎర్చీ ముయిర్ పందొమ్మిది వందల యాభై రెండు చలికాలంలో మా జట్టుకొచ్చాడు. బొగ్గు గనిలోంచి నేరుగా మైదానంలోకి. బంతితో పరిగెడుతుంటే వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టే ఉండేది. ఇక్కడ నిలదొక్కుకోకపోతే మళ్ళీ గనిలోకే దిగాలి, వాళ్ళ నాన్న మీద కప్పు కూలిన అదే గనిలోకి. ఆ మాటెత్తితే చాలు, వాడి మొహం పాలిపోయేది.

గని మనుషుల్లో చాలామంది వీపు కడుక్కోరు. కడిగితే నడుములో సత్తువ పోతుందట. ఎర్చీ కూడా అంతే, తొట్టి గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. అందుకు మా కెప్టెన్ లోకార్ట్ వాణ్ణి ఏడిపించని రోజు లేదు. వాడేదో పెద్ద శుభ్రమైనవాడైనట్టు. మాంసం కొట్టు వాడి కొడుకు, గోళ్ళలో ఎప్పుడూ రక్తమే.

వాడొచ్చాక ఏడో మ్యాచ్ ఎర్చీ వల్లే గెలిచాం. సాయంత్రం కాకుండానే చీకటి పడింది. తొట్టి గదిలో ఒకే బల్బు, దాని చుట్టూ ఆవిరి.

"ఒరేయ్ పంది, ఇవాళ నీకు మంగళస్నానంరా," అన్నాడు లోకార్ట్.

నలుగురు పట్టుకుని వాణ్ణి బోర్లా తిప్పారు. నవ్వులు ఆగిపోయాయి. వీపు మధ్యలో మసితో పడ్డ అరచేతి అచ్చు. చిటికెన వేలు లేదు.

"అది మా నాన్నది," అన్నాడు ఎర్చీ మెల్లగా. "కప్పు కూలుతుంటే నన్ను బయటికి తోశాడు. దాన్ని మాత్రం వదిలెయ్యండన్నా."

"మీ నాన్నకి సబ్బు దొరకలేదంటరా?" అంటూ లోకార్ట్ నేల తోమే బ్రష్షు అందుకున్నాడు.

వదలమని నేను అరిచాను. ఎవడు వింటాడు?

నీళ్ళు నల్లబడ్డాయి. జిగటగా. కుళ్ళిన గుడ్ల కంపు, నానిన చెక్క కంపు. ఆ చుక్కలు నా పెదవుల మీద పడ్డాయి. వీపు మీద వేళ్ళు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

"ఇక నన్నెవరు తోస్తారు?" అన్నాడు ఎర్చీ.

తొట్టిలో చివరికి మిగిలినవాడే నీళ్ళు పోయేలా అడుగు బిరడా లాగాలని మా ఆనవాయితీ. ఆ రోజు ఎర్చీ మిగిలాడు. టోపీ మరిచిపోయి నేను వెనక్కి వెళ్ళాను.

బిరడా వాడి చేతిలోనే ఉంది. నీళ్ళు తగ్గడం లేదు... పైన జిడ్డు కూడా కదలడం లేదు... వాడు గడ్డం దాకా మునిగి ఉన్నాడు.

"అన్నా... కాళ్ళు రావడం లేదు."

"జారిపడ్డావా?"

"రాళ్ళు... నా మీద రాళ్ళున్నాయి... కనపడట్లేదా?"

చంకల కింద చేతులేసి లాగాను. నా చేతులకి తగిలింది నీళ్ళు కాదు... తడి బొగ్గు పొడి. అడుగున మెత్తటిదేదో వాడి కాళ్ళని వదిలింది. నేను అక్కడే కక్కుకున్నాను.

జారిపడి నడుము విరిగిందన్నాడు డాక్టరు. ఎర్చీ మళ్ళీ నడవలేదు. ఏడు మ్యాచ్‌లు, అంతే వాడి ఆట. గనిలోకి దిగే బాధ కూడా తప్పింది పాపం.

తర్వాతి శనివారం మ్యాచ్‌కి బట్టలు మార్చుకుంటున్నాం. తొట్టిలో ఇంకా నీళ్ళు పట్టలేదు. లోకార్ట్ చొక్కా విప్పాడు.

"ఏంట్రా అందరూ అలా చూస్తున్నారు?"

గనిలో ఏనాడూ అడుగుపెట్టనివాడు. వాడి రొమ్ము మీద, వెనక్కి తోసినట్టు, తడి మసి అరచేయి. చిటికెన వేలు లేదు.

లోకార్ట్ తువ్వాలుతో గట్టిగా తుడిచాడు. తువ్వాలు తెల్లగానే ఉంది. వేళ్ళు మాత్రం కొంచెం పైకి జరిగాయి... గొంతు వైపు.