పదిహేడో స్వరం

“నీటికుక్కా, వింటున్నావా?”

ఆ కోడ్ పేరు వింటేనే ఓన్ని రైహాకు ఒళ్లు మండుతుంది. కానీ గూఢచారి శాఖలో ఏజెంట్లకు పేర్లు పెట్టేది చీఫ్ హన్నెలే. ఆమెతో వాదించి గెలిచినవాడు ఊలు నగరంలో ఇంతవరకూ లేడు.

“వింటున్నా. చేపలే వినడం లేదు,” అన్నాడు ఫోన్‌లో.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. గడ్డకట్టిన సముద్రం మీద, చేపలు పట్టే ముసలాడి వేషంలో, మంచులో తొలిచిన రంధ్రంలోకి దారం వదిలి కూర్చున్నాడు ఓన్ని. పక్కనున్న కాఫీ ఫ్లాస్కులో కాఫీ లేదు. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో చూపించే యంత్రం ఉంది.

“జోకులాపు. పదిహేడో స్వరం రెండు చోట్ల నుంచి పలుకుతోంది.”

ఓన్ని చేతిలోని దారం జారిపోయింది.

రేవు టవర్ మీద అరవై నాలుగు యాంటెన్నాలున్నాయి. రెండు కంపెనీలు వాటిని పంచుకుంటాయి. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి గోల కాకూడదంటే, ప్రతి ఫోనూ ముందు తన గుర్తుస్వరం పలకాలి. క్లాసులో హాజరు పలికినట్టే. స్వరం వచ్చిన వైపు టవర్ మాట పంపుతుంది. వద్దన్న వైపు మౌనం పాటిస్తుంది. పదిహేడో స్వరం రేవుకొస్తున్న ఓ ఓడది. ఇప్పుడెవరో ఆ స్వరంతో దొంగ హాజరు పలుకుతున్నారు. పిచ్చి టవర్ అది నమ్మి ఓడకు పోవలసిన బలంలో సగానికి పైగా ఆ దొంగకు పంచిపెడుతోంది.

ఆ ఓడ పేరు హీల్మా. మంచు కోసి చేసిన దారిలో, ఓన్నికి కనిపించేంత దూరంలో వస్తోంది. నిండా గ్యాసు, ఇరవై ఒక్కమంది మనుషులు. దాన్ని ఒడ్డున కూర్చున్న పైలట్ టవర్ ద్వారా నడుపుతున్నాడు. రెండింటిలోగా కుడికి తిప్పమనే ఆజ్ఞ అందకపోతే రాతిదిబ్బను గుద్దుకుంటుంది.

“స్వరం మార్చేయండి.”

“మార్చమన్న కబురే ఓడకు అందట్లేదు. ఓన్నీ, ఆ నంబరు నిన్న నువ్వు పెట్టిందే. నీకూ యంత్రానికీ తప్ప ఎవరికీ తెలీదు. అవునా?”

ఓన్ని ఫ్లాస్కును దగ్గరికి లాక్కుని యంత్రం ముల్లు వైపు చూశాడు. నిన్న సాయంత్రం సౌనాలో, అంటే ఇంటి ఆవిరిస్నానాల గదిలో, వేడి రాళ్ల మీద నీళ్లు పోస్తూ తూలియా అడిగింది. “రేపటికి ఏ నంబరు పెట్టావ్?” అతను చెప్పేశాడు. సౌనా బల్ల మీద అబద్ధమాడడం, దాచడం అతని వంశంలోనే లేదు. పైగా తూలియా పరాయిదా? ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి. శాఖే విదేశీ ముఠాలోకి పంపిన ఏజెంట్. ఆ అందానికి ముఠా నాయకులే మూడు రహస్యాలు కక్కారని శాఖలో కథలు చెప్పుకునేవారు. ఈ నాలుగోది కక్కింది మాత్రం తనే.

ఫ్లాస్కు ముల్లు రెండు వందల గజాల దూరంలోని ఎర్ర గుడారాన్ని చూపించింది.

“హన్నెలే, నా ఫోన్‌కి వేరే స్వరం ఉంది కదా. నేను గుడారంలోకి వెళ్లగానే, నా ఫోన్ ఎక్కడుంటే అక్కడ టవర్‌ను మౌనం పెట్టమనండి. దొంగ నా పక్కనే ఉంటే, వాడి గొంతూ పోతుంది.”

“నీదీ పోతుంది. లోపల తుపాకీ ఉంటే సాయానికి పిలవలేవు.”

“తెలుసు.”

ఒంటిగంటా యాభై ఆరు. ఓన్ని గుడారం తెర ఎత్తాడు.

తెల్లని బొచ్చుకోటు, ఎర్రని పెదవులు, ఒడిలో చిన్న పెట్టె, దాని మీద పచ్చదీపం. చేతిలో పిస్తోలు. దారంతా ఇంకెవరైనా అయితే బావుండునని మొక్కుకున్నాడు పాపం. తూలియాయే.

“రావనుకున్నాను,” అంది.

“ఎందుకే ఇలా చేశావ్?”

“ముందు వాళ్ల దగ్గర నటించా. తర్వాత ఇంట్లో నటించా. రెండోదే సులువుగా ఉంది. అక్కడే ఆగు.”

అతను ఆగలేదు. వెళ్లి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“కాలుస్తా, ఓన్నీ!”

“కాల్చు. జేబులో ఫోన్ హాజరు పలుకుతూనే ఉంటుంది.”

ఆమె పెట్టె వైపు చూసింది. పచ్చదీపం ఎర్రబడింది. తెలివైన మనిషి, ఒక్క క్షణంలో అర్థం చేసుకుంది. కాల్చడానికి మాత్రం మనసొప్పక, పెట్టె చంకన పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ఓన్ని వెంటబడ్డాడు. ఆమె ఎడమకు తిరిగితే ఎడమకు, కుడికి తిరిగితే కుడికి, మూడడుగుల దూరం పెరగనివ్వకుండా. దూరం నుంచి చూసేవాళ్లకు కొత్త జంట ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

“వదులు నన్ను! పోనీ!”

“రెండయ్యాక పో!”

పరుగెడుతూనే తూలియా తన ఫోన్ నొక్కింది. ఆమెను తీసుకెళ్లడానికి ముఠా మనిషి ఒడ్డున ఆ పిలుపు కోసమే కాచుకున్నాడు. పిలుపు పోలేదు. ఆ మౌనంలో ఆమెకూ గొంతు లేదు. మంచు మీద జారి ఇద్దరూ కూలబడ్డారు. పిస్తోలు దూరంగా పోయింది.

రెండింటికి ఇంకా ఐదు సెకన్లుండగా హీల్మా ముక్కు కదిలింది. మెల్లగా, మహా బద్ధకంగా కుడికి తిరిగింది. దిబ్బకు అరగజం వదిలి, ఏమీ ఎరగనట్టు సాగిపోయింది.

తూలియా ఏడవలేదు. “నంబరు చెప్పింది నువ్వే,” అంది రొప్పుతూ. “అది మర్చిపోకు.”

ఆ మాట తూటా కంటే గట్టిగా తగిలింది, ఎందుకంటే అది నిజం.

సరిహద్దు దళం కుర్రవాడొకడు మంచుబండి మీద వచ్చాడు. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. “ఎవర్ని పట్టుకెళ్లమంటారు?”

“ఇద్దర్నీ. అమ్మింది ఆవిడ, చెప్పింది నేను.”

“బండి మీద ఒక్కరికే చోటుంది మరి.”

ఓన్ని లేచి మంచు దులుపుకున్నాడు. “ఆవిణ్ణి ఎక్కించు. నేను నడిచొస్తా. త్వరగా ఇంటికెళ్లి చేసేదేముంది ఇక.”