షెడ్డు పక్కన పొగాకు మొక్కలు

"ముందు గాలి తగ్గనీ. తర్వాత డబ్బా మూత తియ్యి. విత్తనాలు మెల్లగా ఇసుకలో కలుపు. ఈలోగా నేను ఫోన్ మాట్లాడి వస్తా," అంది అమ్మమ్మ.

ఇన్ని మాటల్లో కహోంతియో చెవికెక్కింది ఒక్కటే. డబ్బా మూత తియ్యమనడం.

స్కూలు బస్సు దిగి పది నిమిషాలు కూడా కాలేదు. బ్యాగు ఇంకా భుజానే ఉంది. కహోంతియోకి పదేళ్లు. ఏ పనికైనా తొందరే. అన్న రొహాహెస్ ఆమెను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "తొందరమ్మా" అంటాడు.

ఇవాళ్టి తొందరకు మాత్రం కారణం ఉంది. ఏటా మే నెలలో పొగాకు విత్తనాలు అమ్మమ్మే చల్లుతుంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఈసారి ఏమనుకుందో ఏమో, "నువ్వు చల్లుదువుగానిలే" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి కహోంతియో కాళ్లు నేల మీద నిలవడం లేదు.

అది సిగరెట్లలో ఉండే పొగాకు కాదు. వాళ్లుండే అక్వెసాస్నే ఊళ్లో దాన్ని "అసలు పొగాకు" అంటారు. మందాకు కోసేముందు ఆ మొక్క మొదట్లో ఒక చిటికెడు పెడతారు. పెద్దవాళ్లను సాయం అడగాలంటే వాళ్ల చేతిలో పెట్టి అడుగుతారు. దాన్ని పట్టుకుని ఏం చెప్పినా ఆ మాట పైదాకా వెళుతుందట. అందుకే పొగాకు దగ్గర అబద్ధం ఆడకూడదని అమ్మమ్మ అంటుంది.

ఈ మొక్క ఊళ్లో చాలా పెరళ్లలో ఉంది. కానీ అమ్మమ్మ విత్తనం వేరు. అది వాళ్లమ్మ చేతి విత్తనం. మార్చిలో బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి, విత్తనాల సీసా అంతా బూజు పట్టిపోయింది. చివరికి మిగిలింది దగ్గుబిళ్లల డబ్బాలో విడిగా దాచిన చిటికెడు మాత్రమే.

కహోంతియో మెట్ల మీద కూర్చుని ఆ డబ్బా మూత తీసింది. లోపల కాఫీ పొడిలాంటిది ఏదో ఉంది.

"ఇవా విత్తనాలు?" అనుకుని ఇంకాస్త దగ్గరగా చూసింది. ఆమె నడుమెత్తు పెరిగే మొక్క ఇంత నలుసులో ఎలా దాక్కుందో చూడాలని డబ్బాను ముక్కు దాకా తెచ్చింది.

హాచ్.

ఆ తుమ్ము చాలలేదన్నట్టు ఇంటి పక్కనున్న నది మీద నుంచి ఒక గాలి కూడా వచ్చింది. కహోంతియో కళ్లు నులుముకుని చూసేసరికి డబ్బా ఖాళీ.

మోకాళ్ల మీద కూర్చుని మెట్లన్నీ వెతికింది. దుమ్ములో దుమ్ములాంటి విత్తనాలను ఎక్కడని ఏరుతుంది? వెనక తలుపు చప్పుడైంది.

"కలిపావా?" అంది అమ్మమ్మ.

పక్కన గిన్నెలో ఇసుక ఉంది. డబ్బా ఖాళీగా ఉంది. చూసేవాళ్లకు కలిపినట్టే ఉంటుంది.

"కలిపేశా," అంది కహోంతియో.

అలా ఆ సాయంత్రం ఆమె మడిలో ఉట్టి ఇసుక చల్లింది. అమ్మమ్మ నిరుటి ఆకు చిటికెడు చేత్తో పట్టుకుని నేలకూ వానకూ విత్తనానికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పింది. కహోంతియో తన కాలి బొటనవేలు చూస్తూ నిలబడింది.

రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఎంతకీ రాలేదు.

అమ్మమ్మ రోజూ పొద్దున్నే మడికి నీళ్లు చిలకరించేది. వంగి చూసేది. వారం గడిచింది. రెండు వారాలు, మూడు వారాలు గడిచాయి. గడ్డి మొలిచింది గానీ పొగాకు మొలవలేదు.

"చలి ఇంకా పోలేదు కదా, అందుకేనేమో," అంది అమ్మమ్మ మొదట్లో.

జూన్ వచ్చింది. స్ట్రాబెర్రీలు ఎర్రబడ్డాయి. అప్పుడు అమ్మమ్మ మడి పక్కన కూర్చుని తన రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మా అమ్మ రాయి మీద చల్లినా మొలిచేది. చల్లింది పిల్లే అయినా విత్తనం దాచిందీ, నీళ్లు పోసిందీ నేనే. నా చేతిలో సత్తువ అయిపోయినట్టుంది," అంది.

కహోంతియో ఆ పూట మొక్కజొన్న సూప్ సగం గిన్నె వదిలేసింది. అమ్మ ఆమె నుదురు పట్టుకుని జ్వరం ఉందేమోనని చూసింది.

శుక్రవారం సాయంత్రం రొహాహెస్ వల కర్రతో లక్రాస్ ఆడుతుంటే బంతి షెడ్డు వైపు దొర్లిపోయింది.

"తొందరమ్మా, పరుగెత్తి తెచ్చిపెట్టవే," అన్నాడు.

షెడ్డు పక్కన నాన్న కిందటి ఏడు గడ్డి చెక్కేసి వదిలేసిన జాగా ఉంది. బంతి అక్కడ ఆగింది. దాన్ని తీయబోయి కహోంతియో చెయ్యి వెనక్కి లాక్కుంది.

బంతి పక్కన గుండ్రటి ఆకులు. నాలుగేసి ఆకులతో నేలకు అతుక్కుని, లేతగా, నూగుగా. వేలు పెట్టి చూసింది. జిగురు. వాసన చూసింది. అమ్మమ్మ నడుముకు కట్టుకునే పొగాకు సంచిలో వచ్చే వాసనే.

ఇంకోటి. అక్కడ ఇంకోటి. చెక్క పలక పక్కన మూడు. లెక్కపెడుతూ పోతే పదిహేడు తేలాయి. కహోంతియో గాల్లోకి ఎగిరి గంతేసింది. అరవాలనిపించి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"బంతి తెమ్మంటే డాన్స్ ఏంటే?" అన్నాడు రొహాహెస్.

బంతి విసిరేసి ఇంట్లోకి పరుగెత్తింది. బుర్రలో ఒక ప్లాన్ తయారైంది. రేపు అందరికంటే ముందు లేవాలి. మొక్కలన్నీ తవ్వి తెచ్చి మడిలో నాటేయాలి. అమ్మమ్మ వచ్చి చూసేసరికి పదిహేడు మొక్కలు. ఎవరికీ ఏమీ తెలియదు. అమ్మమ్మ చెయ్యీ మంచిదవుతుంది, తనూ మంచిదే అవుతుంది.

నాన్న న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాలకు ఉక్కు దూలాలు బిగించే పని చేస్తాడు. శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన రేపటి పని గురించి ఏదో చెబుతున్నాడు. షెడ్డు అనీ, ఆరిన్ మామయ్య అనీ వినబడింది. కహోంతియో మిగతాది వినలేదు. గబగబా తినేసి, పెందరాళే లేవాలని పెందరాళే పడుకుంది.

లేవడం మాత్రం తెల్లగా తెల్లవారాకే లేచింది. అదీ తనంతట తాను కాదు. కిటికీ బయట ఏదో మోగుతోంది.

పీక్. పీక్. పీక్.

టిప్పర్ లారీ రివర్స్ అవుతోంది. దాని నిండా కంకర ఉంది. వెనక నిలబడి నాన్న చెయ్యి ఊపుతున్నాడు. "రానీ, రానీ." లారీ షెడ్డు వైపే వెళుతోంది. కారు పెట్టుకోవడానికి కంకర పోయిస్తానని నాన్న కిందటి ఏడు నుంచీ అంటూనే ఉన్నాడు.

కహోంతియో చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. కదిలే లారీ వెనక వైపుకి తను వెళ్లకూడదని అంత తొందరలోనూ గుర్తుంది. డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్లి దబదబా బాదింది.

"మామయ్యా ఆపు. ఆపు మామయ్యా."

ఆరిన్ మామయ్య బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు. "ఏమైందే? అక్కడేమైనా పిల్లి పడుకుందా?"

"మొక్కలున్నాయి."

"కలుపు మొక్కలకి ఇంత గోలా?" అన్నాడు నాన్న. "ఈ పనికోసం ఆరు గంటలు బండి తోలుకొచ్చాను. రేపు మళ్లీ పోవాలి. పక్కకి జరుగమ్మా."

"కలుపు కాదు నాన్నా. ఒక్కసారి అమ్మమ్మని పిలువు. నీకు దణ్ణం పెడతా."

పిలవక్కర్లేకుండానే అమ్మమ్మ వచ్చింది. ఒక చేతిలో టీ కప్పు ఉంది. కహోంతియో చూపించిన చోట మెల్లగా వంగింది. ఆకును రెండు వేళ్లతో తడిమింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆరిన్, ఇంజన్ ఆపెయ్," అంది.

లారీ గొంతు ఆగిపోయింది. చప్పుడు విని అమ్మా, రొహాహెస్ కూడా వచ్చారు. అమ్మమ్మ ఒక్కో మొక్కనూ వేలితో చూపిస్తూ నవ్వుతోంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"మా అమ్మ పొగాకే. అదే ఆకు. నేను మడి కట్టి నీళ్లు పోస్తే రాలేదు. ఇక్కడ చూడండి, ఎంత ముద్దుగా కూర్చున్నాయో."

"గాలికి కొట్టుకొచ్చి ఉంటాయిలే అమ్మా," అన్నాడు ఆరిన్ మామయ్య.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు నాన్న.

కహోంతియో హమ్మయ్య అనుకుంది. మొక్కలు బతికాయి. కారణం కూడా ఎవరో చెప్పేశారు. అది అబద్ధం కూడా కాదు. నిజంగానే గాలి తెచ్చింది. ఇంక తను నోరు విప్పక్కర్లేదు.

అప్పుడు అమ్మమ్మ టీ కప్పు నేల మీద పెట్టి, రెండు చేతులూ ఏప్రన్ కింద దాచేసుకుంది.

"వీటిని నేను తవ్వనులే. మడిలో చేసింది చాలు. నా చెయ్యి తగిలితే వాడిపోతాయేమో. మీలో ఎవరైనా నాటండి," అంది.

కహోంతియో అమ్మమ్మ ఏప్రన్ వైపు చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది.

"అమ్మమ్మా, నీ చేతిది కాదు తప్పు."

"ఊరుకో తల్లీ, నన్ను ఓదార్చక్కర్లేదు."

"ఓదార్చడం కాదు. మడిలో విత్తనమే లేదు. ఉట్టి ఇసుక చల్లాను. నువ్వు ఆగమన్నా ఆగకుండా మూత తీశాను. తుమ్మొచ్చింది. అన్నీ ఎగిరిపోయాయి. నువ్వడిగితే కలిపేశానని చెప్పాను."

రొహాహెస్ "తుమ్మావా?" అని కిసుక్కున నవ్వాడు. అమ్మ వాడి భుజం మీద ఒక్కటి వేసింది.

అమ్మమ్మ ఆమెనే చూస్తోంది. "అంటే ఇన్ని రోజులూ నేను ఉట్టి ఇసుకకి నీళ్లు పోశానా?"

"ఊ."

"రోజూ పొద్దున్నే?"

"ఊ."

"నువ్వు పక్కనే నిలబడి చూశావా?"

కహోంతియోకి ఏడుపొచ్చేసింది.

అమ్మమ్మ ఏప్రన్ కింద నుంచి చేతులు బయటికి తీసింది. ముందు అరచేతులు చూసుకుంది, తర్వాత తిప్పి వెనక వైపు చూసుకుంది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అంది.

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. నెల రోజుల బరువు దిగినట్టు భుజాలు కూడా సర్దుకున్నాయి. అది చూసి కహోంతియోకి ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్ని రోజులు పట్టిందా అనిపించి తన మీద తనకే కోపం వచ్చింది.

"నీ మీద నాకు బోలెడు కోపం ఉంది. అది సాయంత్రం చూసుకుందాం," అంది అమ్మమ్మ. "ముందు వీటిని మడిలోకి మార్చాలి. ఎండెక్కితే వడలిపోతాయి."

"మరి ఈ కంకర ఎక్కడ పొయ్యమంటారు? నా నెత్తిన పోసుకోనా?" అన్నాడు నాన్న.

"రెండు గంటలు ఆగితే నీ జాగా నీదే అల్లుడూ. లారీలో కంకర కుళ్లిపోదు."

ఆరిన్ మామయ్య నవ్వుతూ లారీ దిగి, అమ్మమ్మకు చిన్న పార తెచ్చి ఇచ్చాడు. అమ్మమ్మ దాన్ని కహోంతియో పక్కన నేల మీద పెట్టింది. నడుముకున్న సంచిలోంచి నిరుటి ఆకు చిటికెడు తీసి మనవరాలి అరచేతిలో పోసింది.

"తవ్వేముందు వాటికి చెప్పాలి. ఈసారి నేను చెప్పను. నువ్వే చెప్పు."

"ఏం చెప్పాలి?"

"జరిగింది చెప్పు. తొందరేం లేదు."

కహోంతియో చెంపలు తుడుచుకుని మొక్కల ముందు కూర్చుంది. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రొహాహెస్ కూడా నవ్వడం ఆపేశాడు. పిడికిట్లో ఆకు గరగరలాడుతోంది. థాంక్స్ అని ఒక్క ముక్క చెప్పి తవ్వడం మొదలుపెట్టాలని చేతులు ఆత్రపడుతున్నాయి.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"మిమ్మల్ని ఇక్కడ పడేసింది నేనే," అని మొదలుపెట్టింది. అబద్ధమాడిన మాట చెప్పింది. మెట్ల మీద వెతికిన సంగతి, రోజూ మడి దగ్గర నిలబడి ఊరుకున్న సంగతి, రాత్రి వేసుకున్న ప్లాన్ సంగతి కూడా చెప్పింది. అమ్మమ్మ టీ చల్లారిపోయింది. చెప్పాల్సింది మొత్తం చెప్పేదాకా కహోంతియో పార ముట్టుకోలేదు.