ఆపిన దెబ్బలు

ఆదివారం పొద్దున్నే గురవమ్మ కాగులో నీళ్ళు పొయ్యి మీద పెట్టి, కుంకుడుకాయలు చితక్కొట్టింది. కొడుకూ కోడలూ సెలవు మీద లేహ్ నుంచి వచ్చి రెండు రోజులైంది. ఇద్దరివీ సరిహద్దు దళంలో ఉద్యోగాలు. వంశీ బండి నడుపుతాడు, జాహ్నవి ఆఫీసులో పనిచేస్తుంది. గురవమ్మకు తెలిసింది అంతే. మార్కాపురంలో ఏ పెళ్ళికి పోయినా ఆ సంగతి నలుగురికీ చెప్పందే ఆమె భోజనానికి కూర్చోదు.

“ఆ చలిలో తలకు నూనె ఎవరు పెడతారు నీకు? రా పాపా, తలంటుతా,” అంది.

“నేనే పోసుకుంటాలే అత్తా,” అని జాహ్నవి తప్పించుకోబోయింది. గురవమ్మ వింటేనా! చెయ్యి పట్టుకుని పెరట్లో తడికల గదిలోకి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టింది. తలంతా కుంకుడు రసం పట్టించి, వీపు రుద్దుదామని జుట్టు పక్కకు తీసేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

భుజం కింద, మోచేతి లోపలివైపు, మెడ ఎముక దగ్గర కమిలిన మచ్చలు. కొన్ని నల్లగా ఉన్నాయి, కొన్ని పసుపు తిరిగి మానుతున్నాయి.

“ఏంది పాపా ఇవి?”

“పడినానత్తా.”

ఆ ఒక్క మాటకు గురవమ్మ గుండె గుభేలుమంది. పడినాను, గడప తగిలింది, గొడ్డు తన్నింది. ఇరవై ఏళ్ళు ఇరుగుపొరుగుకు ఆమె చెప్పిన మాటలే అవి. మొగుడు మాలకొండయ్య ఊరందరికీ మంచివాడు, ఇంట్లో మాత్రం చెయ్యి ఊరుకునేది కాదు. ఆయన పోయి ఏడేళ్ళయింది. పడితే మోకాళ్ళు గీసుకుపోతాయి గానీ మోచేతి లోపల కములుతుందా? ఆ సంగతి ఆమెకంటే తెలిసినవాళ్ళెవరు! చెట్టు ఒకటైతే విత్తు ఇంకొకటవుతుందా అనుకుంది. కొడుక్కి తండ్రి బుద్ధులు రాకూడదని ఆమె మొక్కని దేవుడు లేడు.

చెంబు అక్కడే పడేసి ముందువాకిట్లోకి వచ్చింది. వంశీ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

“ఒరే, లెయ్యి. ఆ పిల్ల మీద చెయ్యి చేసుకున్నావా?”

“నేనా? ఏందమ్మా నువ్వనేది?”

“ఒంటినిండా దెబ్బలుండాయి. పడిందంట! ఆ మాట నాకే చెప్తుంది. నిజం చెప్పు.”

వంశీ నోరు తెరిచి, పెరటివైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఆ తటపటాయింపు చాలింది గురవమ్మకు. చెంప చెళ్ళుమంది. గ్లాసు దొర్లి టీ అంతా వాకిట్లో పలకరాళ్ళ మీద పారింది.

“ఈ ఇంట్లో ఆ పని మీ నాయనతోనే పోయింది. మళ్ళీ నువ్వు మొదలుపెడితే నాకు కొడుకువే కాదు. నా ఇంట్లోనుంచి పో!”

“అత్తా, ఆగు!” తలనిండా నురగతో, దుప్పటి చుట్టుకుని జాహ్నవి పరుగెత్తుకొచ్చింది. “ఆయన కొట్టలేదు.”

“నేనూ అట్లనే వెనకేసుకొచ్చినాలే. నువ్వు పక్కకు పో.”

“నీ మీద ఒట్టత్తా. ఇవి ఆటలో తగిలినాయి. నాది ఆఫీసు పని కాదు. దళం తరఫున ఐస్ హాకీ ఆడతా. నేను గోల్‌కీపర్‌ని.”

గురవమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జాహ్నవి ఫోను తెచ్చి ఆమె పక్కన కూర్చుంది. తెర మీద నున్నగా గడ్డకట్టిన మంచు. దాని మీద కర్రలు పట్టుకుని జారుతూ పోయే ఆడపిల్లలు. ఒక చివర వల ముందు, కాళ్ళకూ చేతులకూ పరుపుల్లాంటివి కట్టుకుని, ముఖానికి ఇనుప చువ్వల ముసుగు వేసుకుని ఒక్కతే వంగి నిలబడి ఉంది.

“అది నువ్వా?”

“నేనే. కొత్తలో జారడం రాదని వల ముందు నిలబెట్టినారు. ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎంత పెద్ద ఆటైనా నన్నే నిలబెడతారు.”

గారె అంత నల్ల రబ్బరు బిళ్ళ రయ్యిన వచ్చి కోడలి చేతికి తగిలింది. గురవమ్మ “అమ్మో” అని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఇంకోటి. ఆఖర్న తోటిపిల్లలంతా మీదపడి జాహ్నవి తల మీద చరుస్తుంటే, “వీళ్ళు గూడా కొడతారా?” అని లేచి నిలబడింది.

“గెలిచినామత్తా! సంబరం అది.”

“అంటే, కొట్టించుకున్నందుకు నీకు జీతమిస్తారా?”

“ఆపినందుకత్తా.” జాహ్నవి గొంతు తగ్గింది. “ఎంత మందం కట్టుకున్నా సందుల్లో తగులుతుంది. నువ్వు భయపడి వద్దంటావని, చెప్పనని ఈయన దగ్గర మాట తీసుకున్నా. వచ్చే నెల దేశం జట్టుకు ఎంపికలుండాయి. మానెయ్యమంటే ఇప్పుడే చెప్పు.”

గురవమ్మ కొడుకు వైపు చూసింది. అతని చెంప మీద ఆమె వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి.

“నోరు తెరిచి చెప్పొచ్చు గదరా. ఊరికే దెబ్బ తింటివే!”

“చెప్పేలోపలే పడిందమ్మా,” అని వంశీ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “అయినా నాకేం బాధ లేదు. నాయన నిన్ను కొట్టినప్పుడల్లా తలుపు చాటున నిలబడి చూసేవాణ్ణి. ఎవరన్నా వచ్చి ఆయన్ని ఒక్క మాట అడుగుతారేమోనని. ఆయన్ని కన్న జేజి అడగలేదు, ఊరు అడగలేదు. ఇయ్యాల నువ్వు అడిగినావు.”

అన్నేళ్ళూ బయటికి వినబడకుండా దిగమింగిన ఏడుపంతా గురవమ్మకు ఒక్కసారిగా ముంచుకొచ్చింది. కొడుకు తల గుండెలకు అదుముకుని, ఆ చెంపే నిమురుతూ వెక్కివెక్కి ఏడ్చింది. జాహ్నవి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.

కాస్త తేరుకున్నాక కోడలి తల చూసి, “నురగ ఎండిపోతా ఉంది, లెయ్యి పాపా. ఈపాటికి నీళ్ళు గూడా చల్లారింటాయి,” అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“మరి ఎంపికలకు?”

“పోవా ఏంది? ఇన్ని దెబ్బలు తిని ఇప్పుడు మానుకుంటావా!”

మళ్ళీ పీట మీద కూర్చోబెట్టి, కమిలిన చోట నొప్పి పుట్టకుండా మెల్లగా నీళ్ళు పోసింది.

“ఇది ఆపినావా?”

“ఆపినా.”

“ఇదో?”

“అదీ ఆపినా.”

మెడ ఎముక దగ్గర అన్నిటికంటే నల్లగా ఉన్న మచ్చను వేలి కొనతో తాకింది. “మరి ఇది?”

“అది నాకు తగిలి వలలోకి పోయిందత్తా. గోల్ అయింది.”

“పోనీలే,” అంటూ గురవమ్మ దాని మీద ఇంకో చెంబెడు గోరువెచ్చని నీళ్ళు పోసింది.