గోడ మింగిన నంబరు

చర్చి నుంచి వచ్చి గది తలుపు తీసిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బాబోయ్! లేత పింక్ అన్నావు కదే! ఇదేంటి, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి!"

"ఇంకాస్త ముదురుగా, ఇంకాస్త ముదురుగా అని మీ పాప నిన్నంతా నా ప్రాణం తీసేసిందండీ," అన్నాడు పెయింటర్ చిట్టిబాబు బ్రష్షులు కడుక్కుంటూ. వీళ్లు చర్చికి వెళ్లొచ్చేలోపు అతను రెండో కోటు కూడా వేసేశాడు.

పదేళ్ల పెర్సిస్‌కి మాత్రం కాళ్లు నేల మీద ఆగలేదు. ఏలూరు మొత్తం మీద ఇంత అందమైన గది ఇంకోటి లేదనుకుంది. ఆ గది తనదీ, నాన్నమ్మ సలోమిదీ.

"ఎవరూ గోడలు ముట్టుకోవద్దు! మరక పడితే ఊరుకోను!" అని ఇంట్లో అందరికీ హుకుం జారీ చేసింది.

నాన్నమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది. నాలుగు గోడలూ చూసి పకపకా నవ్వింది. "ఇక రోజూ పీచు మిఠాయిలో పడుకోవాలన్నమాట!"

మధ్యాహ్నానికి గోడలు ఆరాయి. మంచాలు, ఫోన్ బల్ల మళ్లీ లోపలికి చేరాయి. నాన్నమ్మ గోడ గడియారం వంక చూసింది.

"నాలుగవుతోంది అమ్మలూ. మా చెల్లి ఎస్తేరుకి ఫోన్ కలపవే. ఆ నంబరు రాసిన నోట్సు ఏదీ?"

పెర్సిస్ ఫోన్ పక్కనున్న కొత్త పింక్ గోడ వంక చూసింది.

నాన్నమ్మకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకే ఫోన్ పక్కన గోడ మీద నంబర్లన్నీ పెద్ద పెద్ద అంకెల్లో రాసుకుంది. రంగులు వేసే ముందు వాటిని నోట్సులో ఎక్కించమని పెర్సిస్‌కి రెండుసార్లు చెప్పింది. డబ్బాలో రంగు కలుపుతుంటే చూడాలన్న తొందరలో పెర్సిస్ "రాసేశాను నాన్నమ్మా!" అనేసింది. తర్వాత రాయొచ్చులే అనుకుంది. తర్వాత వచ్చేసరికి చిట్టిబాబు ఉప్పుకాగితంతో గోడంతా రుద్దేసి ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

"నోట్సు... ఎక్కడో పెట్టాను," అంది.

నాన్న ఆనంద్ పాల్ పుస్తకాల సంచీ అంతా తిరగేశాడు. అమ్మ పరుపులు ఎత్తి చూసింది. నాన్నమ్మ తల పట్టుకుంది.

"నేనే సరిగ్గా చెప్పి ఉండను. ముసలిదాన్ని, ఏది చెప్పానో ఏది చెప్పలేదో!"

ఆ మాటకు పెర్సిస్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"నువ్వు చెప్పావు నాన్నమ్మా. నేనే రాయలేదు. రాశానని అబద్ధం చెప్పాను."

నాన్నమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ గోడ వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఎస్తేరు ఈపాటికి ఫోన్ బూతు దగ్గరికి వచ్చేసి ఉంటుంది," అంది చివరికి. "మూడేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు. తనంతట తను ఫోన్ చేయడం దానికి చేతకాదు. ఫోన్ మోగకపోతే నాకేదో అయిపోయిందనుకుంటుంది. అసలే బీపీ మనిషి."

ఎస్తేరమ్మ ఉండేది కొల్లేటి లంక ఊళ్లో. ఆ ఊరికంతటికీ రేవు దగ్గరున్న ఫోన్ బూతే దిక్కు. నాన్న నంబర్లు చెప్పే టెలిఫోన్ ఎంక్వైరీకి ఫోన్ చేశాడు. ఫోన్ ఎవరి పేరు మీద ఉందో చెప్పమన్నారు. అది ఎవరికీ తెలీదు.

పెర్సిస్ కళ్లు తుడుచుకుంది. "నాన్నా, మనం వెళ్దాం. నేనే చెప్తాను."

స్కూటర్ చేపల చెరువుల గట్ల మీదుగా గంటసేపు ఎగిరెగిరి పడుతూ వెళ్లింది. దారంతా పెర్సిస్‌కి ఒకటే భయం. చిన్న నాన్నమ్మ ఏడుస్తూ వెళ్లిపోయి ఉంటే? కళ్లు తిరిగి పడిపోయి ఉంటే?

ఎస్తేరమ్మ బూతు ముందు బెంచీ మీదే ఉంది. ఒళ్లో బైబిలు పెట్టుకుని ఫోన్ వంకే చూస్తోంది. స్కూటర్ చూడగానే ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఒరే ఆనందూ... అక్కకేవైందిరా?"

"నాన్నమ్మ బాగుంది చిన్న నాన్నమ్మా!" అంటూ పెర్సిస్ స్కూటర్ పూర్తిగా ఆగకుండానే దూకింది. "తప్పు నాది. నంబరు రాసిపెట్టమంటే రాయలేదు."

పెర్సిస్ ఎస్తేరమ్మ చేయి పట్టుకుని బూతులోకి తీసుకెళ్లింది. ఇంటి నంబరు తనే నొక్కి రిసీవరు ఆవిడ చెవికి ఆనించింది.

"అక్కా!" అని ఒక్క మాట అని ఎస్తేరమ్మ భోరుమంది. అవతల నాన్నమ్మ కూడా ఏడుస్తున్నట్టు వినిపించింది. వాళ్లు మాట్లాడుకునేంతసేపూ పెర్సిస్ ఆ చేయి వదల్లేదు. బూతు నంబరు కాగితం మీద రాసుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

ఇంటికి వచ్చాక పెర్సిస్ నల్ల మార్కరు పట్టుకుని ఫోన్ దగ్గరికి వెళ్లింది. కొత్త పింక్ గోడ మీద నంబరు రాయసాగింది. ఒక్కో అంకె తన అరచెయ్యంత!

అమ్మ నోరెళ్లబెట్టింది. "గోడ మీద రాస్తున్నావేంటే! నోట్సులో రాయొచ్చుగా!"

"నోట్సులో నాన్నమ్మకి కనబడదమ్మా."

నాన్నమ్మ మంచం మీద నుంచే ఒక్కో అంకె పైకి చదివింది. పెర్సిస్ కాగితంలో చూసుకుంటూ తలూపింది. తర్వాత మార్కరు మూత పెట్టకుండానే వెనక్కి తిరిగింది.

"ఇంకా ఎవరెవరి నంబర్లు పోయాయి నాన్నమ్మా?"