మోచేతి దగ్గర మాసిక

పొయ్యి మీద టీ పెట్టి, జ్ఞానమ్మ వరండాలో కూర్చుని భర్త చొక్కాకి మాసిక వేస్తోంది. నీలం గళ్ల చొక్కా అది. నతానియేలు కూర్చున్నంతసేపూ కుడి మోచేతి దగ్గర గుడ్డని వేళ్లతో పీకుతూనే ఉంటాడు. ఒక మాసిక చిరిగితే దాని మీదే ఇంకోటి. ఈసారి వేరే గుడ్డ దొరక్క తన పాత పెడన పూల చీరలోంచి ఒక ముక్క కత్తిరించింది. లోపల టీ పొంగిపోయిన వాసన వచ్చినా వెంటనే లేవాలనిపించలేదు.

బస్సు డ్రైవరుగా రిటైరైన కొన్నాళ్లకే ఆయనకి మతిమరుపు మొదలైంది. మొదట్లో ఆమెకి ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు. స్నానం చేయించడం, తినిపించడం, గేటుకి తాళం వేయడం. చేతులు చేసుకుపోతున్నాయి, అంతే.

గుడివాడలో టీచరుగా చేస్తున్న కూతురు హేమ ఆ ఆదివారం పొద్దున్నే బందరు వచ్చింది. వస్తూనే తల్లి ఒళ్లో చొక్కా చూసింది.

"నాన్న చొక్కాకి పూల గుడ్డేంటమ్మా? చర్చిలో ఏమనుకుంటారు? నేను కొన్నవన్నీ ఏమయ్యాయి?"

"బీరువాలో ఉన్నాయి."

జ్ఞానమ్మ ఆయనకి స్నానం చేయించి తీసుకురాగానే హేమే కొత్త తెల్ల చొక్కా తొడిగింది. ఆయన మోచెయ్యి తడుముకున్నాడు. గుండీలు విప్పి, చొక్కా మడతపెట్టి హేమ చేతికిచ్చాడు.

"ఎవరిదో పాపం, వెతుక్కుంటూ ఉంటారు. ఇచ్చేసి రామ్మా."

హేమ మళ్లీ తొడగబోతే బెదిరిపోయి గోడకి ఒదిగిపోయాడు. ఆమె తల్లి మీదికి తిరిగింది.

"నువ్వే అలవాటు చేశావు. అసలు నాన్నని సరిగ్గా చూస్తున్నావా?"

"చూడట్లేదేమో," అంది జ్ఞానమ్మ గొంతు పెంచకుండా. "మొన్న నన్ను, మీదే ఊరండీ అని అడిగారు. నువ్వొచ్చే ముందు ఇది మన హేమ అని నీ ఫోటో చూపించి చెప్పి ఉంచుతున్నాను, నువ్వు బాధపడతావని. ఆ చొక్కా ఒక్కటే ఎవరూ చెప్పకుండా తెలుస్తుంది ఆయనకి. అందుకని కుడుతున్నాను."

హేమ తెల్ల చొక్కా పక్కన పెట్టి, నీలం చొక్కా తెచ్చి తండ్రి ముందు పట్టుకుంది. ఆయన చేతులు దూర్చాడు.

జ్ఞానమ్మ గుండీలు పెడుతోంది. ఆయన మోచేతి మీద పూల ముక్కని నిమిరి, ఆమెకేసి మర్యాదగా చూశాడు.

"ఇది మా ఆవిడ వేసిందండీ."

"అలాగా."

"జ్ఞానమ్మ అని. కుట్టు సన్నగా ఉంటుంది. చూడండి."

ఆమె వేళ్లు గుండీ దగ్గరే ఆగిపోయాయి. ఇన్నాళ్లూ రాని ఏడుపు గొంతులోంచి తన్నుకొచ్చింది. హేమ వెనకనుంచి వచ్చి తల్లిని గట్టిగా పట్టుకుంది. "తెలీక అనేశానమ్మా," అంది, తానూ ఏడుస్తూ.

ఏడుస్తున్న ఆడవాళ్లిద్దరినీ నతానియేలు కంగారుగా చూశాడు.

"ఊరుకోండమ్మా," అన్నాడు. "మా ఆవిడ వచ్చాక చెప్తాను. మీక్కూడా కుట్టిపెడుతుంది."